పడమర హద్దు

కనిగిరి రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
జిరాక్సు కొట్టుకి ఆనించిన రేకుల పంచలో
ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను.
పేరు, తండ్రి పేరు, వయస్సు, వృత్తి, కాపురం.
ఖాళీలు నింపడమే నా బతుకు.

గుండుబోయిన పెంచలమ్మ
ఎకరా పన్నెండు సెంట్లు రైలుకిచ్చిన రోజు
కొనుగోలుదారు అన్న చోట
"భారత రాష్ట్రపతి" అని రాశాక
నా పెన్ను ఆగిపోయింది.
తండ్రి పేరేమని రాయను?
రైల్వే గుమాస్తా నవ్వి
"అక్కడ అడ్డగీత కొట్టండి" అన్నాడు.
కొట్టాను.
ఎవరి బిడ్డా కాకుండా, ఏ ఈడూ లేకుండా
భూమి కొన్నవాళ్ళని అదే మొదలు చూడటం.

"ఆయన రాలేదా?" అంది పెంచలమ్మ.
రారమ్మా, ఆయన తరఫున ఇంజనీరు సంతకం పెడతాడు.
"చేను చూడకుండానే కొంటాడా!
బావిలో నీళ్ళు ఉప్పనని
ఎవురన్నా చెప్పారా ఆయనకి?"

ఆయనకి చెప్పేది మంత్రులమ్మా.
వాళ్ళు చెప్పింది వినాలి.
మనసొప్పకపోతే ఒకసారి, ఒక్కసారే,
మళ్ళీ ఆలోచించండని వెనక్కి పంపొచ్చు.
మళ్ళీ అదే వస్తే సంతకం.
అదీ ఆ కుర్చీ సంగతి.

"మా అత్త మాదిరే" అంది.
"ఇల్లు ఆమె పేరునే ఉండేది.
పొయ్యిలో పుల్ల మాత్రం
ఆమె చెప్పినట్టు ఏనాడూ మండలా.
ఆమె పోయిన నెలకి
అన్నదమ్ములు కర్రలు తీశారు.
అప్పుడు తెలిసింది,
మూలనున్న ఆ నులకమంచం
అన్నాళ్ళూ ఏం పని చేసిందో."

నేను ఇంకు డబ్బా మూత తీశాను.

"ఆయనకి నేను ఓటేశానా?"
నువ్వు గెలిపించినాయన వేశాడు.
ఎమ్మెల్యే ఓటంటే ఒకటి కాదమ్మా,
నూట యాభై తొమ్మిది.
డెబ్బై ఒకటి జనాభాలో
వెయ్యిమందికి ఒకటి చొప్పున కట్టిన లెక్క.
అప్పటికి నువ్వు పుట్టావా?
"చంకలో ఉండుంటా. నడక రాలా."
అయితే ఉన్నావు.
నడక రాని పిల్లవి, వెయ్యో వంతు.

వేలిముద్ర వేసి
బొటనవేలి సిరా తలకి రాసుకుని లేచింది.

నాలుగేళ్ళు రైలు రాలా.
కట్ట పోశారు, కంకర దించారు,
కంకర మధ్యలోంచి వచ్చింది సర్కారు తుమ్మ.
రాష్ట్రపతి చేలో కంప,
కంపలో పెంచలమ్మ మేకలు.
కేసవుద్దని ఎవరో బెదిరిస్తే
"మా పొరుగాయన పెద్దమనిషి.
ఆ పక్క మా బావ రెండుసార్లు గట్టురాయి జరిపాడు.
ఈయన వేలెడు జరపలా" అందట.

ఈలోగా ఢిల్లీలో మనిషి మారారు.
అడంగల్లో పేరు మారలేదు.
చచ్చినా, దిగిపోయినా
వారసుల పేర ఎక్కించే పని లేని ఆసామి
మా మండలం మొత్తానికీ ఆ ఒక్కరే.

మొన్న మళ్ళీ వచ్చింది,
మిగిలిన ఎనభై సెంట్లూ
చిన్నకూతురు రమణమ్మ పేర రాయించడానికి.
తూర్పు: షేక్ మస్తాన్ చేను.
దక్షిణం: డొంక.
ఉత్తరం: వాగు పోరంబోకు.
పడమర: భారత రాష్ట్రపతి గారి భూమి.

చదివి వినిపించాను.
పడమర దగ్గర చెయ్యెత్తి ఆపింది.
"మన హద్దు ఆయనని మనం రాసుకున్నాం.
ఆయన హద్దు నేనని
ఆయన కాయితంలో ఉందా?"

బీరువాలో నాలుగేళ్ళ నాటి నకలు వెతికాను.
ఉంది. తూర్పు: గుండుబోయిన పెంచ...
నా చేతిరాతే.
మిగతా సగం మీద
ఆఫీసు ముద్ర పడింది.